గోప్యత – ప్రజాభద్రత: ఉత్తర తెలంగాణమున డిజిటల్ యుగము

వ్యక్తి తన యింటి సంగతులను, దేహలక్షణములను, ఉత్తరప్రత్యుత్తరములను, రాకపోకలను తన యిష్టము లేనిదే ఇతరులు తెలిసికొనకుండ నిలుపుకొనగల అధికారమునకు గోప్యతాహక్కని పేరు. ప్రజలను హింసనుండి, మోసమునుండి, జనసమ్మర్దమున గలుగు ప్రమాదములనుండి కాపాడుటకై రాజ్యము చేయు ఏర్పాటునకు ప్రజాభద్రత యని పేరు. ఈ రెంటిలో ఒకటి పెరిగినకొలది రెండవది తరుగునని తలచుట పరిపాటి. ఈ వ్యాసమున పరిశీలింపబడు ప్రాంతపు అనుభవము ఆ తలపును బలపరచుట లేదు. ఇచట ప్రజల గోప్యత చెడినచోట తరచుగ వారి భద్రతయు చెడినది. రెంటిని చెడగొట్టినదియు ఒక్కటే, ఒక పనికై సేకరించిన సమాచారము ఎవరును అడుగకుండగనే వేరొక పనికి చేరుట.

గోదావరి దక్షిణపు టొడ్డున లక్ష్మీనృసింహ క్షేత్రముగా ప్రసిద్ధికెక్కిన ధర్మపురి, 2016 అక్టోబరు 11న కరీంనగరునుండి విడివడి యేర్పడిన జగిత్యాల జిల్లాలోనిది. నది దాటిన పూర్వపు ఆదిలాబాదు జిల్లా. బీడీలు చుట్టు స్త్రీలు, దుబాయి మస్కటులకు వలసపోయిన పురుషులు, వరియు పసుపును పండించు రైతులు గల యీ సీమకు గోప్యతా చరిత్రలో రెండు కారణములచేత చోటు దక్కినది: 1970ల చివరనుండి దశాబ్దముల తరబడి సాగిన పోలీసు నిఘా యొకటి, 2018లో ధర్మారమున బయటపడిన వ్రేలిముద్రల మోసము రెండవది.

పూర్వరంగము

పల్లెలో గోప్యత యెన్నడును లేదనియు, ఎవరి యింట ఏ కూర వండినది ఊరెల్ల తెలియుననియు, కావున గోప్యతను గూర్చిన చింత పట్టణవాసుల విలాసమనియు వాదించువారు కలరు. ఇందు సగము నిజము కలదు. నిజాము పాలనలో పోలీసు పటేలు ఊరికి వచ్చిన క్రొత్తవానిని ఆరా తీసెడివాడు. పట్వారి భూముల లెక్కతోపాటు అప్పుల లెక్కయు ఎరిగియుండెడివాడు. కాని యా యెరుక ఊరి పొలిమేర దాటుట అరుదు. దాటినను నోటిమాటయై కాలక్రమమున మాసిపోయెడిది. అన్నింటికన్న ముఖ్యముగ, ఎరిగినవాడెవడో ఊరికి తెలిసియుండెడిది. పటేలును నిలదీయు ధైర్యము చాలమందికి లేకున్నను, తన గుట్టు ఎవని యొద్ద నున్నదో ప్రతివాడు ఎరుగును. నేటి సమాచారమునకు ఈ రెండు లక్షణములును లేవు: అది మాసిపోదు, ఎవరి యొద్ద నున్నదో తెలియదు.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగిన పిమ్మట, అక్టోబరులో ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై కాల్పులు జరిగెను. ఆ తరువాతి రెండు దశాబ్దములలో ఒక మనిషి ఎవరితో మాటాడెను, రాత్రి ఎవరికి అన్నము పెట్టెను అను సమాచారము అతని యాయువునకే ముడివడియుండెను. నక్సలైటు దళమునకు అన్నము పెట్టినవాడని పోలీసులు పట్టుకొనిపోయినవారును, పోలీసులకు కబురందించినవాడని దళము చంపినవారును ఒకే ఊరిలో ఉండిరి. గోప్యత ప్రాణరక్షణ యని యీ ప్రాంతపు పెద్దలకు న్యాయశాస్త్రము చెప్పనక్కరలేదు.

నిఘాకు నాటి సాధనములు ఠాణాలోని హిస్టరీ షీటు, రౌడీషీటు, రాత్రివేళ తలుపుతట్టుట. వీని ధర్మాధర్మములను సుప్రీముకోర్టులో తూచినవారిలో ఇద్దరు తెలుగు న్యాయమూర్తులుండుట గమనింపదగినది. 1962లో ఖరక్‌సింగ్ కేసున ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము రాత్రివేళ ఇంటికి పోయి సోదాచేయుటను మాత్రమే కొట్టివేసి, గోప్యత రాజ్యాంగమున లేదని తేల్చగా, రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావు మరియొక న్యాయమూర్తితో కలిసి భిన్నాభిప్రాయము వ్రాసి, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమే యనెను. 1980లో మలక్‌సింగ్ కేసున ఓ. చిన్నపరెడ్డి, నేరనివారణకై నిఘా పెట్టు నధికారము పోలీసులకు గలదనుచునే, అది వ్యక్తిస్వేచ్ఛను నలిపివేయునంత దూరము పోరాదని హద్దు గీసెను. 2017 నాటి పుట్టస్వామి తీర్పున సుబ్బారావు అల్పపక్షము గెలుచుటకు 55 సంవత్సరములు పట్టినది.

ధర్మారపు వ్రేలిముద్రలు

2018 జూనులో హైదరాబాదు పోలీసులు పెద్దపల్లి జిల్లా ధర్మారమున సెల్‌ఫోను సిమ్ములమ్ము ఒక దుకాణదారుని అరెస్టు చేసిరి. ధర్మారము ధర్మపురి శాసనసభా నియోజకవర్గములోని మండలకేంద్రము. కంపెనీ విధించిన లక్ష్యమును చేరుకొనుటకై అతడు ఇతరుల పేర, వారెరుగకయే, వేలకొలది సిమ్ములను పనిచేయించెనని పోలీసులు ప్రకటించిరి. ఈ కేసు చిన్నదిగ కనబడును గాని, దాని పోకడను కొంత వివరముగ చెప్పుట అవసరము.

నాడు సిమ్ము పనిచేయుటకు కొనువాడు ఆధార్ సంఖ్య చెప్పి యంత్రముపై వ్రేలు పెట్టవలసియుండెను. వ్రేలును సంఖ్యయు సరిపోలినయెడల కేంద్రమునుండి సమ్మతి వచ్చెడిది. దుకాణదారునికి కావలసినవి ఈ రెండే. అవి రెండును ఒకేచోట ఎచట దొరికెననిన, రిజిస్ట్రేషను శాఖవారు ప్రజాసౌకర్యమునకై అంతర్జాలమున నుంచిన భూమి దస్తావేజులలో. పొలము అమ్మినవాడును కొన్నవాడును, సాక్షులును వేసిన బొటనవ్రేలి ముద్రలు ఆ పుటలపై నల్లగ స్పష్టముగ నుండెడివి. ప్రక్కనే ఆధార్ సంఖ్య. ఆ పుటను దింపుకొని, ముద్రను పలుచని పారదర్శకపు కాగితముపై అచ్చువేసి, రబ్బరుస్టాంపులు చేయు యంత్రమున పాలిమరు జిగురుపై దానిని పరచి వెలుగు తగిలించి కడిగినచో, వెలుగు సోకిన గీతలు గట్టిపడి నిలిచి, సోకని భాగము కరగిపోవును. మిగిలినది మెత్తని, మనిషి వ్రేలివలె గీతలు తేలిన ఒక పలక. కార్యాలయములకు ముద్రలు చేయుటకై ప్రతి చిన్న పట్టణమున నుండు యంత్రమే యిది.

ఇందు రహస్యసంకేతమును ఛేదించినవాడు లేడు. ఏ భాండాగారపు తాళమును పగులగొట్టలేదు. పొలము ఎవరిదో లోకమునకు చాటుటకై వేసిన ముద్ర, వేసినవాని ప్రమేయము లేకయే, అతని గుర్తింపునకు తాళపుచెవి యైనది. దస్తావేజు బహిరంగపత్రముగ నుండుట తప్పుకాదు. భూవ్యవహారములలో మోసము తగ్గుటకు అది మేలే. వ్రేలిముద్ర తాళపుచెవి యగుటయు తనంతట తప్పుకాదు. రెండు మంచి ఏర్పాటులు ఒకదాని నొకటి ఎరుగక కలిసికొనినప్పుడు ఈ యనర్థము పుట్టినది. ఆ సిమ్ము ఏ మోసగాని చేతబడినను, తొలుత ఠాణాకు పిలువబడువాడు దస్తావేజుపై ముద్రవేసిన రైతే. తాళము పోయిన మార్చుకొనవచ్చును. బొటనవ్రేలు మార్చుకొనుట యెట్లు?

ఈ కథలో ఒక విడ్డూరము కలదు. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్టాంపుల చట్టము 73వ సెక్షనును సవరించి, కలెక్టరు నియమించిన ఎవడైనను ఏ యింటనైనను ప్రవేశించి దస్తావేజులను పరిశీలించి పట్టుకొనిపోవచ్చునని శాసించెను. బ్యాంకులు దీనిని ఎదిరింపగా హైకోర్టు సవరణను కొట్టివేసెను; 2004 నవంబరు 26న హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు – కెనరా బ్యాంకు కేసున సుప్రీముకోర్టు దానినే ఖాయపరచి, గోప్యత స్థలమునకు గాక మనుష్యునకు చెందునదనియు, తన పత్రమును బ్యాంకులో దాచుకొన్నంతమాత్రమున ఖాతాదారుడు దానిపై గోప్యతను వదలుకొన్నట్లు కాదనియు తీర్మానించెను. అట్లు పరుల పత్రములలో చొరబడరాదని 2004లో పాఠము విన్న వ్యవస్థయే, 2018 నాటికి తన పత్రములలోని వ్రేళ్లను తానే లోకమునకు చూపుచుండెను.

తరువాతి సంవత్సరములలో ఇదే పద్ధతిన ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా బ్యాంకు ఖాతాలనుండి సొమ్ము లాగిన నేరములు దేశమున పలుచోట్ల వెలువడెను. 2023 ఫిబ్రవరిలో ఆధార్ ప్రాధికార సంస్థ యంత్రముపైనున్నది సజీవమైన వ్రేలా, కృత్రిమపు ముద్రయా యని కనిపెట్టు క్రొత్త పరీక్షను ప్రవేశపెట్టెను. కోరినవారు తమ వ్రేలిముద్రల వినియోగమునకు తాళము వేసికొను సదుపాయమును గలదు. దానిని ఎరిగినవారు పల్లెలలో బహుస్వల్పము.

రేషను దుకాణము, సమగ్ర వేదిక

దొంగకు సులువుగ లొంగిన యంత్రము హక్కుదారునికి లొంగకపోవుట మరియొక ముచ్చట. దినమునకు కొన్నివందల బీడీలు చుట్టి, కత్తెరతో తునికాకు కత్తిరించి, పొగాకు పొడిలో నానిన వ్రేళ్ల గీతలు అరిగిపోవును. రేషను దుకాణమున అట్టి స్త్రీ కొంగుతో వ్రేలు తుడిచి గాజుపై అదుముట, డీలరు తెరను చూచి “వేలు పడ్తలేదు అక్కా, ఇంకోటి పెట్టు” అనుట, వెనుకనున్నవారు విసుగుకొనుట సామాన్యదృశ్యము. కనుపాపతోను, ఓటీపీతోను సరిపుచ్చు ఏర్పాటులు తరువాత వచ్చినవి. ఓటీపీకి చేతిలో ఫోను కావలెను. ఆ ఫోను తరచుగ మస్కటులోని కొడుకు పేరనో, పట్టణమున చదువు మనుమని చేతనో ఉండును.

రాష్ట్రమేర్పడిన పదునొకండు వారములకే, 2014 ఆగస్టు 19న, తెలంగాణ ప్రభుత్వము ఒక్కనాడే రాష్ట్రమంతట సమగ్ర కుటుంబ సర్వే జరిపెను. బస్సులు దుకాణములు నిలిచిపోగా, హైదరాబాదున పనిచేయువారు సైతము లెక్కలో పేరు తప్పునను భయముతో స్వగ్రామములకు తరలివచ్చిరి. భూమి, వాహనములు, బ్యాంకు ఖాతా, వ్యాధులు, కులము మొదలగునవి అడిగిరి. సంక్షేమ పథకములకై యని చెప్పిరి; జనము మారుమాటాడక చెప్పిరి. ప్రభుత్వము అడిగినప్పుడు చెప్పకున్న పింఛను పోవునేమో యను సందేహమున్నచోట సమ్మతి యనుమాటకు అర్థము పలుచబడును.

తరువాత రాష్ట్ర ఐటీ శాఖ సమగ్ర వేదిక యను వ్యవస్థను నిర్మించి, వాహనముల నమోదు, ఆస్తిపన్ను, విద్యుత్తు, భూమి మున్నగు వేర్వేరు శాఖల పట్టికలను పేర్లు చిరునామాల పోలికనుబట్టి ఒకే వ్యక్తికి కూర్చు ఉపాయమును సాధించెను. తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరములలో ఒక్కొక్క కార్యాలయమున ఒక్కొక్క తీరున వ్రాయబడును గనుక, యంత్రము పోలికలను ఊహింపవలసివచ్చును. ఊహ తప్పినచో కారు లేనివాడు కారు యజమాని యగును, అతని రేషనుకార్డు పోవును. అట్లు జరిగిన ఉదంతములు పత్రికలకెక్కినవి. నోటీసు లేకయే రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మరల విచారింపుడని 2022లో సుప్రీముకోర్టు తెలంగాణ ప్రభుత్వమును ఆదేశించెను. ఇచట ఎవరి గుట్టును రచ్చకెక్కలేదు. అయినను జనుల సమాచారము జనులకు తెలియకుండ వారిపై తీర్పుచెప్పెను. గోప్యతాభంగములలో ఇది మెత్తనిదిగ కనబడునది గాని, అన్నపు పళ్లెమును తాకునది ఇదియే.

కెమెరాలు, ముఖములు

2007 ఆగస్టు 25న హైదరాబాదు లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లును, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగరు పేలుళ్లును నిఘా కెమెరాలకు బలమైన హేతువును సమకూర్చెను. 2013లోనే వచ్చిన ప్రజాభద్రతా చట్టము జనము గుమికూడు సంస్థలు కెమెరాలు పెట్టి, దృశ్యములను 30 దినములు నిలువచేయవలెనని శాసించెను. పిదప “నేను సైతం” అను పేర పోలీసులు కాలనీవాసులచేతను, దుకాణదారులచేతను చందాలు వేయించి కెమెరాలు పెట్టించిరి. ఈ పద్ధతి పల్లెలకును ప్రాకినది. 2018లో పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో ముఖములను పోల్చు సాధనము చేరినది. 2022 ఆగస్టు 4న హైదరాబాదు బంజారాహిల్సున సమీకృత కమాండు కంట్రోలు కేంద్రము ప్రారంభమైనది.

వీని మేలును తక్కువచేయరాదు. దర్పణ్ అను ముఖగుర్తింపు సాధనము తప్పిపోయిన పిల్లలను ఇతర రాష్ట్రములలో సైతము గుర్తించి తలిదండ్రులకు చేర్చినది. 2015 జూలై 14న గోదావరి పుష్కరములు మొదలైననాడే రాజమహేంద్రవరమున తొక్కిసలాటలో 27 మంది మరణించుట చూచినవారెవరును, ఘాటుపై జనమెంత చేరినదో పైనుండి కనిపెట్టు కన్ను అక్కరలేదనరు. కాని జనమును లెక్కించుటకు ముఖములను గుర్తుపట్టనక్కరలేదు. ఇది యెంతయు ముఖ్యమైన భేదము. గుత్తేదారులు తమ పరికరములను అమ్ముకొనునప్పుడు ఈ భేదమును చెరిపివేయుదురు.

2020 జనవరి 22న మునిసిపల్ ఎన్నికలలో రాష్ట్ర ఎన్నికల సంఘము కొంపల్లిలోని పది పోలింగు కేంద్రములందు ఓటరు ముఖమును యంత్రముతో పోల్చి చూచు ప్రయోగము చేసెను. 2021లో లాక్‌డౌను వేళ వీధిలో మాస్కు తీయించి పోలీసులు తన ఫొటో తీసిరని హైదరాబాదు సామాజిక కార్యకర్త యొకడు తెలంగాణ హైకోర్టున ప్రజాప్రయోజన వ్యాజ్యము వేయగా, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వమునకు నోటీసు జారీచేసెను. ఏ శాసనమునుబట్టి ముఖములను పోల్చుచున్నారనునదే ఆ వ్యాజ్యములోని మూలప్రశ్న.

దాచువాని ఇంటనే దొంగపడుటయు సంభవించినది. స్త్రీల రక్షణ మొదలగు వానికై పోలీసులు నడిపిన హాక్‌ఐ యాప్‌నుండి 2024లో సుమారు రెండు లక్షలమంది వివరములు బయటికి పోయెను. ఆపదలో పోలీసులను నమ్మి చిరునామా ఇచ్చినవారి వివరములవి. అంతకు ముందటి యేడు మార్చిలో సైబరాబాదు పోలీసులు 16.8 కోట్లమంది వివరములను అమ్ముచున్న ముఠాను, కొలదిదినములకే 66.9 కోట్లమంది వివరములు గల మరియొకనిని పట్టుకొనిరి. దుబాయి నౌకరి పేరనో, బ్యాంకు అధికారి గొంతుతోనో వచ్చు దొంగఫోనునకు మన పేరు, ఊరు, ఖాతా ముందే తెలిసియుండుటకు మూలమిట్టి అంగళ్లే.

చాటు వినికిడి

టెలిఫోను సంభాషణలను చాటున వినుటకు చిరకాలము మూలాధారమైనది 1885 నాటి టెలిగ్రాఫు చట్టము 5(2) సెక్షను. పి.యు.సి.ఎల్. అను పౌరహక్కుల సంఘపు కేసున సుప్రీముకోర్టు 1996 డిసెంబరులో ఈ యధికారమునకు కళ్లెము వేసి, హోంశాఖ కార్యదర్శి ఉత్తరువు, సమీక్షా సంఘపు పరిశీలన, కాలపరిమితి కావలెననెను. అవియే 2007లో 419ఎ నిబంధనగ ఏర్పడెను. ఉత్తరువు 60 దినములు చెల్లును. పొడిగించినను 180 దినములు మించరాదు. 2023 టెలికం చట్టము క్రింద 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనలు ఈ చట్రమునే నిలిపినవి. గమనింపవలసినదేమనగా, అనుమతించువారును సమీక్షించువారును ప్రభుత్వాధికారులే. న్యాయమూర్తికి ఇందు పాత్ర లేదు. వినబడినవానికి ఎన్నటికిని తెలుపవలసిన విధియు లేదు.

ఈ చట్రపు బలహీనతను చూపిన ఉదాహరణము తెలంగాణమునందే గలదు. మావోయిస్టుల కదలికలను కనిపెట్టుటకై యేర్పడి, ఉత్తర తెలంగాణపు అడవులనే ప్రధానరంగముగ చేసికొన్న స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి, ఎస్ఐబీ యని ప్రసిద్ధము, రాజకీయ ప్రత్యర్థుల, పాత్రికేయుల, వ్యాపారుల ఫోనులను వినెనని 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో కేసు నమోదైనది. 2023 డిసెంబరున ఎన్నికల ఫలితములు వెలువడిన మరునాటి రాత్రి హార్డుడిస్కులను ధ్వంసము చేసిరనునది ఇందలి మరొక ఆరోపణ. మొదట అరెస్టయిన అధికారిని పోలీసులు సిరిసిల్లలో పట్టుకొనిరి. న్యాయమూర్తి ఫోను సైతము వినబడెనను వార్తపై హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టెను. నిందితుల దోషాదోషములు తేల్చుట న్యాయస్థానముల పని. విజ్ఞులు గ్రహింపవలసినది వేరు: సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతములైన నాటి అవసరమునకు పెరిగిన యంత్రాంగము, అవసరము సన్నగిల్లిన తరువాతను అట్లే నిలిచియుండెను, నిలిచియున్న యంత్రమునకు పని దొరకుట సులభము. ధర్మపురి దేవాలయ ప్రాంగణమున యమధర్మరాజునకు కోవెల గలదు. ఆయన కొలువున చిట్టా వ్రాయు చిత్రగుప్తుడు ఒకే ప్రయోజనమునకై వ్రాసి, ఒక్కనికే చూపును. భూలోకపు చిట్టాలకు ఆ నియమము పట్టుట లేదు.

శాసనములు

1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున జస్టిస్ పి.ఎ. చౌదరి, విడిగ నుండు భార్యను భర్తతో కాపురము చేయుమని నిర్బంధించు శాసనభాగమును గోప్యత పేర కొట్టివేసెను. మరుసటి యేటనే సుప్రీముకోర్టు దానిని త్రోసిపుచ్చినను, దేహముపై అధికారమును గూర్చిన చర్చకు ఆ తీర్పు నేటికిని ఆకరము. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ గోప్యతను ప్రాథమికహక్కుగ ప్రకటించిరి; కృష్ణాజిల్లావాడైన జాస్తి చలమేశ్వర్ వారిలో నొకడు, ప్రత్యేకముగ తీర్పు వ్రాసెను. గోప్యతలో రాజ్యము చేయిపెట్టవలెనన్న శాసనముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, ఆ ప్రయోజనమునకు మించిన జోక్యము ఉండరాదు అనునవి ఆ తీర్పున వెలువడిన పరీక్షలు. 2021 అక్టోబరున పెగాసస్ గూఢసాధనమును గూర్చిన కేసున ప్రధానన్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వపు ధర్మాసనము, దేశభద్రత యనుమాట పలికినంతనే న్యాయస్థానము మూగబోవలెనని లేదనుచు విచారణసంఘమును నియమించెను.

2023 ఆగస్టున రాష్ట్రపతి ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఏ పనికై సేకరించిరో ఆ పనికే వాడవలెనను సూత్రమును వ్యాపారసంస్థలపై గట్టిగ విధించెను. ధర్మారపు దుకాణదారువంటివానికి ఇది తగిన సంకెల. కాని 17వ సెక్షను ప్రకారము కేంద్రప్రభుత్వము తాను పేర్కొన్న ప్రభుత్వాంగములను దేశభద్రత, శాంతిభద్రతల నిమిత్తము చట్టమునుండి పూర్తిగ మినహాయింపవచ్చును. ఈ చట్టమే సమాచారహక్కు చట్టమును సవరించి, వ్యక్తిగత సమాచారమును అధికారులు నిరాకరించుట సులభతరము చేసెను. అనగా ప్రభుత్వము పౌరుని చూచుటకు దారి వెడల్పుగ నిలుపుకొని, పౌరుడు ప్రభుత్వమును చూచు కిటికీని ఇరుకుచేసినది. ఈ వ్యాసకర్త దృష్టిలో చట్టపు ప్రధానదోషమిదియే. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25నుండి అమలులోనున్న సమాచారరక్షణ నిబంధనలు గాని, 2024లో వచ్చిన కృత్రిమమేధ శాసనము గాని దోషరహితములు కావు; అయినను బహిరంగస్థలమున అప్పటికప్పుడు ముఖములను గుర్తించుటకు పోలీసులకు ఎప్పుడు చెల్లును, ఎవరి యనుమతి కావలెను అనునది ఆ కృత్రిమమేధ శాసనమున వ్రాతలో నున్నది.

భారతదేశమున ముఖగుర్తింపునకు ప్రత్యేక శాసనము లేదు. 2023 చట్టమునకు నిబంధనలు 2025 నవంబరున వెలువడెను. సంస్థలపై విధించిన ముఖ్యబాధ్యతలు పదునెనిమిది నెలల గడువు పిమ్మట, 2027 మే నెలలో, అమలునకు వచ్చును. ఆ వెంటనే గోదావరి పుష్కరములు. ధర్మపురి ఘాటులకు లక్షలాది జనము వచ్చును, కెమెరాలును వచ్చును. ఆ దృశ్యములు జనసమ్మర్దమును లెక్కించుటకు మాత్రమేనా, ముఖములను పోల్చుటకును వాడబడునా, ఎన్నినాళ్లకు చెరిపివేయబడును, చెరిపితిమని ఎవరికి లెక్కచెప్పవలెను అను సంగతులను రాష్ట్రప్రభుత్వము కేంద్రశాసనముకై కాచుకొనక, ఒక పుట ఉత్తరువుతో ముందే ప్రకటింపవచ్చును.